చేప కన్నా ముందు నీరు

బాల్కొండ దాటి నిర్మల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే, గోదావరి వంతెనకు ముందే పోచంపాడు వస్తుంది. వానాకాలంలో ఇక్కడ ఆగేవాళ్ళంతా శ్రీరాంసాగర్ గేట్ల కోసమే ఆగుతారు. ఆనకట్టకు దగ్గరలోనే ఉన్న ప్రభుత్వ చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం వైపు తిరిగేవాళ్ళు తక్కువ. తిరిగినా, తొలకరి రోజుల్లో అక్కడ కనిపించేది చేపలు కావు. ఎండిన మడులు, తెల్లగా చల్లిన సున్నం, పేడ కుప్పలు, అప్పుడప్పుడే నిండుతున్న నీళ్ళు. ఏదో పొలం పనికి సిద్ధమవుతున్నట్టుంటుంది తప్ప చేపల వ్యవహారంలా ఉండదు. నిజానికి చేపల పెంపకంలో సగం పని చేప రాకముందే అయిపోతుంది. చేపపిల్లను వదిలేముందు నీటిని సిద్ధం చేసే ఈ పనికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర అనుకున్నంత పాతది కాదు.

1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు, అంటే ఇప్పటి శ్రీరాంసాగర్‌కు, పునాదిరాయి వేశారు. అప్పటికి ఈ ప్రాంతంలో చేప అంటే చెరువులో తనంతట తానే పుట్టి పెరిగేది. గంగపుత్రులకూ ముదిరాజులకూ చేపలు పట్టడం తెలుసు, వలలు అల్లడం తెలుసు, ఏ చెరువులో ఏ మూల కొర్రమీను దాక్కుంటుందో తెలుసు. పిల్లను కొనుక్కొచ్చి వదలడం మాత్రం ఊరి అలవాటు కాదు. ఆ అవసరమూ రాలేదు. తొలకరికి వాగులు పొంగితే చేపలు అలుగు మీదుగా ఎదురెక్కి చెరువులోకి వచ్చేవి. కొర్రమీనుకు పైకొచ్చి గాలి పీల్చే శక్తి ఉంది కాబట్టి, అడుగున మిగిలిన బురద మడుగుల్లోనే వేసవి గడిపి మళ్ళీ నీళ్ళు రాగానే లేచేది.

నీటిని సిద్ధం చేసే పని ఆ రోజుల్లో చెరువే చూసుకునేది. మాఘం దాటాక నీళ్ళు తగ్గేవి. ఎండిన శిఖంలో పశువులు మేసి పేడ వేసేవి. రైతులు ఒండ్రుమట్టి తవ్వి బండ్ల మీద పొలాలకు తోలుకుపోయేవారు. నెర్రెలు బారిన అడుగుమట్టికి నెలల తరబడి ఎండా గాలీ తగిలేవి. కుళ్ళవలసిందంతా కుళ్ళి, ఆవిరి కావలసిందంతా ఆవిరైపోయేది. జూన్‌లో కొత్త నీళ్ళు ఆ పేడ మీదకే చేరేవి. వారం తిరిగేసరికి నీళ్ళు ఆకుపచ్చబడి, కంటికి ఆనని జీవాలతో నిండేవి. గుడ్డు పగిలి వచ్చిన చేపపిల్లకు తొలి ఆహారం అదే. ఎవరూ ఏర్పాటు చేయని ఏర్పాటు ఇది. దీన్ని పూర్వీకుల విజ్ఞానమని పొగడడం సులువే గానీ సరికాదు. చెరువు ఎండేది సేద్యం వల్ల, ఎండ వల్ల. చేపకు కలిగిన మేలు దానికి తోకగా వచ్చింది.

చేప గురించి రాసినవాళ్ళు ఈ నేల మీద లేకపోలేదు. 12వ శతాబ్దంలో ఇదే జిల్లాలోని బోధన్ ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆ వంశపు రాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ ఉంటుందో, దానికి ఏ మేత వేయాలో, గాలం ఎలా వేయాలో అందులో చెప్పారు. 1951లో జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా దాన్ని చదివి వ్యాసం రాశాకే శాస్త్రలోకానికి దాని సంగతి తెలిసింది. ఇంత చేసినా అది రాజుగారి వేట వినోదం. నీటి గురించిన చింత ఆ వినోదంలో భాగం కాదు.

ఆ చింత మొదలైంది చేపపిల్లను అమ్ముకోవడం మొదలయ్యాకే. బొచ్చె, రోహు, మ్రిగాల నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నది కావాలి. అందుకని పిల్ల ఎక్కువగా గంగ నుంచే రావలసి వచ్చేది. కలకత్తా వర్తకులు మట్టి కుండల్లో పిల్లను పోసి, దారి పొడుగునా నీటిని చేత్తో కలుపుతూ రైలులో తీసుకెళ్ళేవారు. ఆ కుండల్లో ఏ జాతి పిల్ల ఎంత ఉందో కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ తెలిసేది కాదు. 1957 జులై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి ఈ చిక్కుముడి విప్పారు. ఒక చేప మెదడు కింది పీయూష గ్రంథి తీసి, దాని రసాన్ని మరో చేపకు సూదిమందుగా ఇస్తే, అది నదిలో లేకపోయినా గుడ్లు పెట్టింది. దేశం ఆ తేదీని ఇప్పుడు చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటోంది.

అక్కడితో పిల్ల కొరత తీరింది, కొత్త సమస్య పుట్టింది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లకు మూడు రోజుల వరకు పొట్టకింది సొన సంచే ఆహారం. ఆ తర్వాత ఐదారు మిల్లీమీటర్ల ఆ జీవిని చెరువులో వదలాలి. అక్కడ తిండి లేకపోతే ఆకలితో చస్తుంది. ఉంటే, దాన్ని తినే పురుగులూ అక్కడే ఉంటాయి. లక్షల పిల్లలు రాత్రికి రాత్రే మాయమవుతుంటే, కటక్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ ఉపకేంద్రం వాళ్ళు చెరువును ముందుగా తయారుచేసే పద్ధతిని కూర్చారు. పోచంపాడులోనైనా, కైకలూరులోనైనా నర్సరీ చెరువు కాపలాదారు ఇప్పటికీ చేసేది దాదాపు అదే.

చెరువంటే ఇక్కడ పెద్దది కాదు, రెండు నుంచి ఐదు గుంటల మడి. నీటిని పూర్తిగా తోడి ఎండబెట్టగలిగితే మంచిది. కాలువ నీరు ఊటగా దిగే చోట అది కుదరదు. అడుగున కొర్రపిల్లలూ జెల్లలూ మిగిలిపోతాయి. వాటికి మందు ఇప్ప చెక్క. గింజ నుంచి నూనె తీయగా మిగిలిన ఆ పిండిలో శాపోనిన్ అనే నురుగు పదార్థం 4 నుంచి 6 శాతం ఉంటుంది. అది చేప మొప్పల్లో దూరి రక్తకణాలను చిట్లగొడుతుంది. మీటరు లోతున్న నీటికి ఎకరానికి సుమారు టన్ను చల్లితే గంటల్లో చేపలన్నీ తేలిపోతాయి. విషం రెండు మూడు వారాల్లో విరిగిపోతుంది, పిండి ఎరువై మిగులుతుంది. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఇప్ప గింజలు ఏరి నూనె తీస్తారు. ఇంత చక్కని వస్తువు, పొరుగు జిల్లా అడవిదే, చేపల శాఖ పట్టికలోకి ఎక్కింది ఒరిస్సా ప్రయోగశాల దారిన.

తర్వాత సున్నం. ఆ పైన ఎకరానికి రెండు టన్నుల పచ్చి పేడ. పిల్లను వదలడానికి రెండు మూడు రోజుల ముందు పల్లి చెక్క 300 కిలోలు, పేడ 80 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 20 కిలోలు కలిపి నానబెట్టి, అందులో సగం చల్లుతారు. మిగతా సగం తర్వాత విడతల్లో వెళ్తుంది. పేడ మీద బాక్టీరియా, దాని మీద బతికే రోటిఫర్లు, వాటి వెనుక డాఫ్నియాలు ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతాయి. సన్నగుడ్డ వలలో 50 లీటర్ల నీరు వడపోసి గాజు గొట్టంలో నిలబెడితే అడుగున చేరిన మడ్డి తగినంత ఉందో లేదో తెలుస్తుంది. ఆఖరి రోజు పని అన్నిటికన్నా విచిత్రం. ఎకరానికి 22 కిలోల చవక నూనె, 7 కిలోల బట్టల సబ్బు కలిపి మరగబెట్టి నీటి మీద పోస్తారు. వెల్లకిలా ఈదే నీటిపురుగులు పైకొచ్చి గాలి పీల్చుకోబోతే నూనె పొర అడ్డం పడి చస్తాయి. పొర చెదిరిపోయాక, మర్నాడు పొద్దున చల్లపూట, ఎకరానికి 12 నుంచి 20 లక్షల పిల్లను వదులుతారు. పదిహేను ఇరవై రోజుల్లో అవి అంగుళం పొడవుకు వస్తాయి.

నిజామాబాద్‌లో గాజుతొట్టి కొనుక్కునే కుటుంబానికి ఈ ఓపిక గురించి చెప్పేవాళ్ళు అరుదు. తొట్టి, రంగురాళ్ళు, గాలిపంపు, ఆక్సిజన్ నింపిన కవరులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు, అన్నీ ఒకే సాయంత్రం ఇంటికి చేరతాయి. మూడో రోజుకో ఐదో రోజుకో నీళ్ళు తెల్లబడతాయి. ఇంట్లోవాళ్ళు కంగారుపడి తొట్టి ఖాళీ చేసి, రాళ్ళతో సహా కుళాయి కింద తోమి కడుగుతారు. మళ్ళీ నింపుతారు. వారంలో చేప పోతుంది. చేపలు దుర్బలమైనవనీ, ఇంటి వాస్తు కుదరలేదనీ, దుకాణంవాడు మోసం చేశాడనీ అనుకుంటారు. చంపింది ఆ కడగడమే.

కారణం తెలియాలంటే 1877 నాటి పారిస్‌కు పోవాలి. థియోఫిల్ ష్లోజింగ్, అషిల్ మ్యూంట్జ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మీటరు పొడవు గొట్టంలో ఇసుక, కాస్త సున్నపురాయి నింపి, పైనుంచి మురుగునీరు చుక్కచుక్కగా వదిలారు. కిందికి రావడానికి దానికి ఎనిమిది రోజులు పట్టేది. ఇరవై రోజుల దాకా ఏ మార్పూ లేదు. పైన పోసిన అమ్మోనియాయే కిందా దిగింది. ఆ తర్వాత నైట్రేటు కనిపించడం మొదలై, కొద్ది రోజుల్లో అమ్మోనియా పూర్తిగా పోయింది. మధ్యలో క్లోరోఫాం ఆవిరి పంపితే పని ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసి చారెడు తోటమట్టి కలిపిన నీరు పోస్తే మళ్ళీ సాగింది. అంటే ఇది రసాయన చర్య కాదు, గొట్టంలో ఏవో ప్రాణులున్నాయి, అవి కాపురం పెట్టడానికే ఆ ఇరవై రోజులు పట్టింది. కొత్త అక్వేరియంలో జరిగేది అక్షరాలా ఇదే. చేపల కోసం ఎవరూ చేయని ఆ ప్రయోగమే అక్వేరియం శాస్త్రానికి అసలు పునాది అనిపిస్తుంది.

వాళ్ళ ధ్యాస చేపల మీద కాదు, ఎరువు మీద, సురేకారం మీద. తుపాకిమందుకు సురేకారం కావాలి. పశువుల కొట్టాల మట్టినీ పాతగోడల మట్టినీ నీటిలో నానబెట్టి, ఆ నీటిని కాచి దాన్ని తీయడం భారతదేశంలో శతాబ్దాల నాటి వృత్తి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో డచ్చివాళ్ళు కొన్న సరుకుల్లో అదీ ఒకటి. పశువుల మూత్రంలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారడమే దాని రహస్యం. కోటల ఫిరంగులు పేల్చిన మందుకూ, ముందుగదిలో గాజుతొట్టి తేటగా ఉండడానికీ ఒకే రకం పని చేసే సూక్ష్మజీవులు కారణం.

ఇంగ్లండులో ఒకే పేరున్న తండ్రీకొడుకుల కథ ఇంకా తమాషా. తండ్రి రాబర్ట్ వారింగ్టన్ లండన్ మందుల వర్తకుల సంఘంలో రసాయనవేత్త. 1849లో సుమారు 55 లీటర్ల తొట్టిలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను పెట్టాడు. కుళ్ళిన ఆకులతో నీరు పాడవుతుంటే వాటిని తినడానికి నత్తలు తెచ్చి వేశాడు. నీరు మార్చకుండా చేప బతికింది. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప దాన్ని వాడుకుంటుంది, నత్త చెత్త తింటుంది అని 1850లో ప్రకటించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ పుస్తకంతో ఆ వెర్రి ఇంటింటికీ పాకింది. కొడుకు రాబర్ట్ వారింగ్టన్ రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరి, పారిస్ వాళ్ళ దారిలో మట్టి మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. అమ్మోనియాను నైట్రైటుగా మార్చేది ఒకటి, నైట్రైటును నైట్రేటుగా మార్చేది వేరొకటి అని తేల్చాడు. వాటిని విడదీసి పెంచడం మాత్రం అతని వల్ల కాలేదు. ఆ రోజుల్లో అందరూ వాడే జెలటిన్ మీద అవి పెరగవు. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ జెలటిన్‌ను పక్కన పెట్టి, సేంద్రియ ఆహారం ఏమీ లేని ద్రావణంలో వాటిని పట్టుకున్నాడు. తండ్రి తొట్టిలో నీటిని కాపాడింది మొక్క ఒక్కటే కాదని కొడుకు పరిశోధన చెప్పగలిగేది. ఆ రెంటినీ ముడిపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. 1970లో స్టీఫెన్ స్పాట్ రాసిన పుస్తకం వంటివి వచ్చాకే వడపోత అంటే మురికిని పట్టే గుడ్డ కాదనీ, బాక్టీరియా ఉండే ఇల్లనీ అక్వేరియం లోకం ఒప్పుకుంది.

ఆ బాక్టీరియాకు తొందర ఉండదు. పేగుల్లో ఉండే ఈ.కోలై ఇరవై నిమిషాలకు రెట్టింపు అయితే, వీటికి అరరోజు నుంచి ఒకరోజుకు పైనే పడుతుంది. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైటు, ఆ తర్వాతే అంతగా హాని లేని నైట్రేటు. మొత్తం మూడు నుంచి ఆరు వారాలు. ఈ మధ్యలో చేపను వదిలితే మొదట మొప్పలు మండుతాయి, తర్వాత నైట్రైటు రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే పనిని చెడగొడుతుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో కొంచెం ఉప్పుంటే నైట్రైటు మొప్పల్లోకి సులువుగా పోలేదు. అందుకే అనుభవం ఉన్న దుకాణదారు చిటికెడు కల్లుప్పు వేయమంటాడు.

అమ్మోనియా ఎంత విషమో నీటి గుణం తేలుస్తుంది. పీహెచ్ 7 ఉన్న నీటిలో, 30 డిగ్రీల వేడిలో, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8కి పోతే అది ఏడు శాతం దాటుతుంది. సున్నం ఎక్కువున్న బోరునీరు వాడే ఇంట్లో చేప తొందరగా చావడానికి ఇదొక కారణం. అదే సున్నం బాక్టీరియాకు మేలు కూడా. గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి అవి నీటిలోని క్షారతను ఏడు గ్రాములకు పైగా ఖర్చు చేస్తాయి, నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ తాగుతాయి. ఇప్పుడు చాలా ఇళ్ళకు మిషన్ భగీరథ కుళాయిలో శ్రీరాంసాగర్ నీరే వస్తోంది. పోచంపాడు చెరువుల్లో చేప పెరిగే గోదావరి నీరే అది, క్లోరిన్ కలిపి వస్తుంది కాబట్టి చేపకూ చేటు, బాక్టీరియాకూ చేటు. బకెట్లో ఒకరోజు ఉంచాలి, లేదా పాత ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో పలుకులు వేయాలి.

చేప లేకుండా తొట్టిని సిద్ధం చేయడం కష్టమేమీ కాదు. వడపోత నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తే, అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. తెలిసినవాళ్ళ పాత తొట్టి నుంచి ఒక స్పాంజి ముక్క తెచ్చి వేస్తే పాలల్లో తోడు వేసినట్టే, పని సగం రోజుల్లో అవుతుంది. వేసిన అమ్మోనియా, దాని నుంచి వచ్చే నైట్రైటు ఒకరోజులో సున్నాకు వస్తే చేపను తేవచ్చు.

ఇక్కడ చెరువుకూ తొట్టికీ ఉన్న తేడా మరిచిపోకూడదు. పోచంపాడు మడిలో అమ్మోనియాను ఎక్కువగా మింగేసేది పచ్చని నాచే. కింద అడుగుమట్టి ఉంది, పైన ఎండ ఉంది. అక్కడ మూడు వారాల తయారీ పిల్లకు తిండి కోసం, శత్రువులు పోవడం కోసం. గాజుతొట్టిలో మట్టి లేదు, ఎండ తగలనివ్వరు, నాచు కనిపిస్తే గీకేస్తారు. బాక్టీరియా తప్ప దిక్కులేదు. అందులో నైట్రైటును మార్చే బాక్టీరియా ఏదన్న విషయంలో కూడా చాలాకాలం పొరపడ్డారు. 1890ల నుంచి పాఠ్యపుస్తకాలు నైట్రోబాక్టర్ అంటుంటే, 1998లో కాలిఫోర్నియాలో టిమోతీ హోవనెక్ బృందం అక్వేరియంలలో వెతికితే అసలు పని చేసేది నైట్రోస్పైరా అని తేలింది. 2015లో ఇంకో తిరకాసు. రెండు దశలూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరాలను రెండు బృందాలు ఒకేసారి కనుగొన్నాయి. అందులో ఒక బృందానికి అది దొరికింది నెదర్లాండ్స్‌లో చేపల పెంపకం వడపోతలోనే.

అదే 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ గానుగ ఆగింది. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన మిల్లు అది. చక్కెరకూ చేపకూ పొత్తు లేదనిపిస్తుంది గానీ, ఉంది. మడ్డి బెల్లపుపాకం వాగులో కలిస్తే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ అంతా లాగేస్తుంది, చేపలు తేలతాయి. చక్కెర సీమలన్నిటికీ తెలిసిన సంగతే ఇది. అదే గుణాన్ని అదుపులో పెట్టి వాడుకోవచ్చని 1999లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరం అవ్నిమెలెక్ లెక్క కట్టాడు. గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 20 గ్రాముల పిండిపదార్థం కలిపితే, వేగంగా పెరిగే వేరే రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను తమ శరీరంగా మార్చుకుంటాయి. ఆ ముద్దలను చేపే తింటుంది. బయోఫ్లాక్ అంటే ఇదే. 2020లో కేంద్రం తెచ్చిన మత్స్య సంపద యోజన సబ్సిడీతో తెలుగు జిల్లాల్లో టార్పాలిన్ ట్యాంకులు లేచాయి. వాటిలో పిల్ల పడకముందే నీళ్ళలో బెల్లం, ఉప్పు, సున్నం, ప్రోబయోటిక్ పొడి కలిపి రోజుల తరబడి గాలి కొడతారు.

బెల్లంతో పని త్వరగా అవుతుంది గానీ అది అప్పు తీర్చడం లాంటిది కాదు, వాయిదా వేయడమే. బెల్లం ఆపిన వారంలో అమ్మోనియా మళ్ళీ తల ఎత్తుతుంది. మెల్లగా స్థిరపడే నైట్రోస్పైరాల వంటివి ఆ ట్యాంకులోనూ చేరాకే నీరు నిలకడకు వస్తుంది. సబ్సిడీ పత్రాల్లో ఈ వారాల లెక్క చిన్న అక్షరాల్లో పోతుంది. ట్యాంకు పెట్టిన యువకుడు మొదటి నెలలోనే పిల్లను వదలాలనుకుంటాడు, ఎందుకంటే బ్యాంకు వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఇంకో ఖర్చు కరెంటు. మామూలు చెరువులో రాత్రి కరెంటు పోతే చేపకు ఏమీ కాదు. కిక్కిరిసిన బయోఫ్లాక్ ట్యాంకులో గాలి ఆగితే బాక్టీరియాయే ముందు ఆక్సిజన్ తాగేస్తుంది, చేపకు మిగిలేది గంట లోపు సమయం. అందుకే ఈ ట్యాంకులు కట్టేవాళ్ళు పిల్ల ధర అడగడానికి ముందు జనరేటర్ ధర అడుగుతున్నారు.